నౌకాదళ అధికారి శిక్షణ - తల్లిదండ్రుల పాత్ర

భారత నౌకాదళంలో అధికారిగా చేరుటకు ఇంటర్మీడియట్ తరువాత గాని, ఇంజనీరింగు పట్టా తరువాత గాని శిక్షణకు వెళ్ళే యువతీయువకులకు వారి తల్లిదండ్రులు అందించే సహకారం, ఆ సందర్భంలో వారు తీసుకొనవలసిన నిర్ణయాలు, సంతకం చేయవలసిన పత్రాలు ఈ వ్యాసపు విషయం. సముద్రతీరం లేని పల్నాడు జిల్లాలోని నాదెండ్ల, దాని పరిసర గ్రామాలను దృష్టిలో ఉంచుకొని ఈ విషయం వివరించబడినది. ఇక్కడ చెప్పిన నియమాలు మాత్రం రాష్ట్రమంతటికీ, ఆ మాటకొస్తే దేశమంతటికీ ఒకటే.

ఈ శిక్షణకయ్యే ఖర్చులో అత్యధిక భాగం ప్రభుత్వమే భరిస్తుంది. కాబట్టి సాధారణ రైతు కుటుంబానికి ఇక్కడ అడ్డుపడేది డబ్బు కాదు. సమాచారం సకాలంలో అందకపోవడం, వయోపరిమితి దాటిపోవడం, ఇంట్లో అనుమతి దొరకకపోవడం ప్రధానమైన అడ్డంకులు. మూడింటిలోనూ తల్లిదండ్రుల ప్రమేయం ఉన్నది.

ప్రాంతం

నాదెండ్ల గ్రామం చిలకలూరిపేట, నరసరావుపేట పట్టణాల మధ్య ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4 వరకు గుంటూరు జిల్లాలో ఉండి, ఆ తేదీన ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. ఈ ప్రాంతపు ప్రధాన పంటలలో పత్తి, మిరప ముఖ్యమైనవి. పాత గుంటూరు జిల్లాకు బాపట్ల, నిజాంపట్నం వైపు తీరం ఉండేది. విభజన తరువాత ఆ తీరం బాపట్ల జిల్లాకు పోగా పల్నాడు పూర్తిగా మెట్ట, కాలువల జిల్లాగా మిగిలినది.

అయితే ఈ నేలకు సముద్రంతో సంబంధం కొత్తది కాదు. నాదెండ్లకు సమీపంలోని కొండవీడు రాజధానిగా ఏలిన రెడ్డి రాజుల అధీనంలో మోటుపల్లి రేవు ఉండేది. అంతకు ముందే కాకతి గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు రక్షణ కల్పిస్తూ అక్కడ అభయశాసనం వేయించాడు. 1358లో అనవోత రెడ్డి అటువంటి శాసనమే మరల వేయించాడు. నేటి విద్యార్థికి దీనివలన ప్రవేశ పరీక్షలో మార్కులేమీ రావు గాని, "మనకు సముద్రమెక్కడిది" అనే పెద్దలకు చెప్పుటకు పనికివస్తుంది.

అధికారి, నావికుడు, వాణిజ్య నౌక ఉద్యోగి

పల్లెల్లో "నేవీ" అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు ఉద్యోగాలను పిలుస్తారు. తల్లిదండ్రులు మొట్టమొదట తెలుసుకొనవలసినది ఈ భేదమే.

మొదటిది నౌకాదళ అధికారి పదవి. సబ్ లెఫ్టినెంట్ హోదాతో మొదలవుతుంది. దీనికి శిక్షణ కేరళ రాష్ట్రం కన్నూరు జిల్లాలోని ఎళిమల వద్దనున్న భారత నౌకా అకాడమీలో జరుగుతుంది. రెండవది నావికుడి ఉద్యోగం. 2022 నుండి ఇందులో ప్రవేశం అగ్నిపథ్ పథకం క్రింద అగ్నివీరులుగా నాలుగేళ్ళ కాలానికి జరుగుతున్నది. వీరి ప్రాథమిక శిక్షణ ఒడిషాలోని ఐ.ఎన్.ఎస్. చిల్కాలో ఉంటుంది. నావికులుగా చేరినవారిలో అర్హులు తరువాత అధికారులయ్యే మార్గం కూడా ఉన్నది, కాని అది వేరు పద్ధతి. మూడవది వాణిజ్య నౌకలలో ఉద్యోగం, అనగా మర్చంట్ నేవీ. ఇది సైన్యం కాదు. ఇందులో శిక్షణకు విద్యార్థే రుసుము చెల్లించాలి. లక్షల రూపాయలు కట్టించుకొని "నేవీలో చేర్పిస్తాం" అని చెప్పే దళారుల చేతిలో మోసపోయేవారు సాధారణంగా ఈ మూడింటికీ తేడా తెలియనివారే. భారత నౌకాదళ ప్రవేశానికి ఎవరికీ డబ్బు ఇవ్వనవసరం లేదు. యు.పి.ఎస్.సి. నిర్వహించే ఎన్.డి.ఎ. పరీక్షకు దరఖాస్తు రుసుము 100 రూపాయలు మాత్రమే. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, మహిళలకు అది కూడా లేదు.

ప్రవేశ మార్గాలు

ఇంటర్మీడియట్ స్థాయిలో రెండు ప్రధాన మార్గాలు ఉన్నాయి.

నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్.డి.ఎ.) పరీక్షను యు.పి.ఎస్.సి. సంవత్సరానికి రెండుసార్లు నిర్వహిస్తుంది. గణితానికి 300, సామాన్య సామర్థ్య పరీక్షకు 600, మొత్తం 900 మార్కులకు వ్రాతపరీక్ష ఉంటుంది. ఇందులో నెగ్గినవారికి మరొక 900 మార్కులకు సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్.ఎస్.బి.) పరీక్ష జరుగుతుంది. నౌకాదళాన్ని కోరుకునేవారు ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి ఉండాలి. అనగా మన కళాశాలల్లో ఎం.పి.సి. గ్రూపు. ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతూ ఉండగానే దరఖాస్తు చేయవచ్చును. ఎంపికైనవారు పూణె సమీపంలోని ఖడక్‌వాస్లాలో మూడేళ్ళు, ఆపైన ఎళిమలలో ఒక సంవత్సరం శిక్షణ పొందుతారు. ఖడక్‌వాస్లా అకాడమీకి 1949 అక్టోబరు 6న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు.

రెండవది 10+2 బి.టెక్. కాడెట్ ప్రవేశం. దీనికి ప్రత్యేకమైన వ్రాతపరీక్ష లేదు. జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకును బట్టి ఎస్.ఎస్.బి.కి పిలుస్తారు. ఇంటర్ గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలలో 70 శాతం, పదవ తరగతిలో గాని ఇంటర్‌లో గాని ఆంగ్లంలో 50 శాతం మార్కులు కావాలి. ఎంపికైనవారు ఎళిమలలోనే నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివి, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు బి.టెక్. పట్టా పొంది, అధికారులుగా బయటకు వస్తారు. చదువు, వసతి, భోజనం, పుస్తకాలు, దుస్తులు అన్నీ నౌకాదళమే సమకూరుస్తుంది. ఇంజనీరింగు కళాశాల రుసుముల కోసం పొలం తాకట్టు పెట్టే కుటుంబాలున్న ప్రాంతంలో ఈ మార్గం ఇంత తక్కువమందికి తెలిసి ఉండడం విచారకరం.

శిక్షణ మొదలయ్యే నాటికి వయసు ఎన్.డి.ఎ.కు పదహారున్నర నుండి, బి.టెక్. కాడెట్ ప్రవేశానికి పదిహేడు నుండి పందొమ్మిదిన్నర ఏళ్ళ మధ్య ఉండాలి. అవివాహితులై ఉండాలి. కుల, ప్రాంత రిజర్వేషన్లు లేవు.

పట్టా తరువాత చేరదలచినవారికి యు.పి.ఎస్.సి. నిర్వహించే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష ఒక మార్గం. నౌకా అకాడమీకి దీని ద్వారా వెళ్ళుటకు ఇంజనీరింగు పట్టా తప్పనిసరి. బి.ఎ., బి.కాం. చదివినవారికి ఈ పరీక్షలో పదాతిదళ అకాడమీ తెరిచి ఉంటుంది గాని నౌకా అకాడమీ ఉండదు. ఇవిగాక నౌకాదళం నేరుగా షార్టు సర్వీసు కమిషన్ ప్రకటనలు ఇస్తుంది. వీటికి పట్టా మార్కులను బట్టి ఎస్.ఎస్.బి.కి పిలుస్తారు. ఎన్.సి.సి. నౌకా విభాగపు 'సి' సర్టిఫికెట్ ఉన్నవారికి కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్షలో కొన్ని ఖాళీలు ప్రత్యేకంగా కేటాయించబడినవి. ఈ నౌకా విభాగపు యూనిట్లు విశాఖపట్నం, కాకినాడ వంటి తీర నగరాలలో ఉన్నాయి. నరసరావుపేట, గుంటూరు వైపు విద్యార్థులకు సాధారణంగా లభించేది పదాతి విభాగపు ఎన్.సి.సి. అది కూడా ఎస్.ఎస్.బి. దృష్ట్యా ఉపయోగకరమే.

ఇంకా చిన్న వయసులోనే ఈ దారి పట్టించదలచిన తల్లిదండ్రులకు సైనిక పాఠశాలలు ఉన్నాయి. విజయనగరం జిల్లాలోని కోరుకొండ సైనిక పాఠశాల 1962లో ప్రారంభమైనది. రాష్ట్రంలో రెండవది పూర్వపు చిత్తూరు జిల్లా ప్రాంతమైన కలికిరిలో 2014లో ప్రారంభమైనది. ఆరవ, తొమ్మిదవ తరగతులలో అఖిల భారత ప్రవేశ పరీక్ష ద్వారా చేర్చుకుంటారు. 2021-22 నుండి బాలికలకు కూడా ప్రవేశం కలదు. వీటిలో రుసుము తక్కువేమీ కాదు. అయితే ఆదాయాన్ని బట్టి ఉపకార వేతనాలు లభిస్తాయి కనుక, రుసుము అంకె చూసి వెనుదిరగకుండా ముందుగా విచారించుట మంచిది.

ఇంటర్మీడియట్ రెండేళ్ళు

నాదెండ్ల వంటి గ్రామాలలో పదవ తరగతి పూర్తికాగానే పిల్లలను గుంటూరు, విజయవాడ వైపునున్న రెసిడెన్షియల్ కళాశాలలలో చేర్చడం చాలా కుటుంబాల ఆనవాయితీ. అక్కడి చదువు ఎంసెట్ (2021 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఇ.ఎ.పి.సెట్), జె.ఇ.ఇ. పరీక్షల చుట్టూ తిరుగుతుంది. ఆటస్థలం ఉండదు, లేదా ఉన్నా సమయం ఉండదు. గణితంలో గట్టిపడే విద్యార్థి ఆంగ్లంలో నాలుగు మాటలు నిలబడి చెప్పలేడు. ఎన్.డి.ఎ. వ్రాతపరీక్షలోని గణితం ఈ విద్యార్థులకు కష్టం కాదు. సామాన్య సామర్థ్య పరీక్షలోని ఆంగ్లం, చరిత్ర, భూగోళం, వర్తమాన విషయాల వద్దనే వెనుకబడతారు.

ఇక్కడ తల్లిదండ్రులు చేయగలిగినది ఒకటున్నది. కళాశాల యాజమాన్యంతో మాట్లాడి ఎన్.డి.ఎ. పరీక్ష రోజున కుమారునికో, కుమార్తెకో సెలవు ఇప్పించవలెను. చిన్న విషయంగా కనిపించినా ఇది ముఖ్యం. సంవత్సరపు మొదటి ఎన్.డి.ఎ. పరీక్ష సాధారణంగా ఏప్రిల్‌లో, జె.ఇ.ఇ. రెండవ విడతకు దగ్గరగా వస్తుంది. రెండవది సెప్టెంబరులో. ర్యాంకుల మీద దృష్టి పెట్టిన సంస్థ తనంతట తాను విద్యార్థిని ఈ పరీక్షకు పంపదు. పరీక్షా కేంద్రాలు విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి వంటి నగరాలలో ఉంటాయి కాబట్టి ముందురోజే ప్రయాణం కట్టవలసి రావచ్చును.

వయోపరిమితిని లెక్కవేసుకుంటే ఒక విద్యార్థికి ఎన్.డి.ఎ.కు మూడు నాలుగు అవకాశాలకు మించి దొరకవు. ఇంటర్ అయిన తరువాత "లాంగ్ టర్మ్" పేరిట మరొక సంవత్సరం కూర్చోబెట్టి, అది కూడా గడిచిన తరువాత నౌకాదళం గురించి ఆలోచించే కుటుంబాలకు ఈ లెక్క తప్పుతుంది. బి.టెక్. కాడెట్ ప్రవేశానికి అవకాశాలు ఇంకా తక్కువ.

కళ్ళు, పళ్ళు, ఈత

ఎస్.ఎస్.బి.లో నెగ్గినవారిని సైనిక ఆసుపత్రిలో వైద్యపరీక్షకు పంపుతారు. ఐదు రోజుల పరీక్ష గెలిచి, వైద్యపరీక్షలో వెనుదిరిగి వచ్చేవారు ఉన్నారు. ఇందులో కొన్ని లోపాలు ముందే తెలుసుకొనదగినవి. రంగులను గుర్తించలేకపోవడం పుట్టుకతో వచ్చేది. దానికి చికిత్స లేదు. నౌకలపై ఎరుపు, ఆకుపచ్చ దీపాలను దూరం నుండి గుర్తించవలసి ఉంటుంది కనుక ఈ విషయంలో సడలింపు ఉండదు. పదవ తరగతిలోనే కంటి వైద్యుని వద్ద ఈ పరీక్ష చేయిస్తే, దొరకని దాని కోసం పిల్లవాడు మూడేళ్ళు ఆశపడకుండా ఉంటాడు. ఎక్కువ పవరున్న కళ్ళద్దాలు కూడా అడ్డంకే. అద్దాలు పోవుటకు లేజరు శస్త్రచికిత్స చేయిస్తే సరిపోతుందని కొందరు తొందరపడతారు. ఇరవై ఏళ్ళ లోపు చేయించుకున్నవారిని అంగీకరించరు కాబట్టి ఎన్.డి.ఎ. వయసువారికి ఆ శస్త్రచికిత్స మేలు కన్నా కీడే చేస్తుంది. పుచ్చిన పళ్ళు, చెవిలో గులిమి, కలిసిపోయే మోకాళ్ళు, చదునైన పాదాలు, అధిక బరువు కూడా పరిశీలిస్తారు. వీటిలో సరిచేయగలిగినవి ఇంటి దగ్గరే సరిచేసుకొనవచ్చును.

ఈత విషయం పల్నాడులో ప్రత్యేకమైనది. నాగార్జునసాగర్ కుడి కాలువ ఈ జిల్లా మీదుగానే పోతుంది. కాలువలో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల కథలు ప్రతి ఊరిలోనూ వినిపిస్తాయి. అందుచేత తల్లిదండ్రులు నీళ్ళ దగ్గరకు వెళ్ళనివ్వరు. వారి భయం సహేతుకమైనదే. ఎంపికకు ఈత రానవసరం లేదు. అకాడమీలో నేర్పుతారు, నేర్చుకొనుట తప్పనిసరి. కాని నీళ్ళంటే భయంతో వెళ్ళిన కాడెట్‌కు మొదటి టర్ము కష్టంగా గడుస్తుంది. శిక్షకుడున్న ఈతకొలనులో కొన్ని వారాలు నేర్పించి పంపుట ఉత్తమం.

ఎస్.ఎస్.బి.

నౌకాదళపు సెలక్షన్ బోర్డులు బెంగుళూరు, భోపాల్, కోల్‌కతా, విశాఖపట్నంలలో ఉన్నాయి. పరీక్ష ఐదు రోజులు. మొదటి రోజు తెలివితేటల పరీక్ష, ఒక బొమ్మ చూపి కథ వ్రాయించి దానిపై బృందంలో చర్చింపజేసే పరీక్ష జరుగుతాయి. ఇందులో నెగ్గనివారిని ఆ సాయంత్రమే పంపివేస్తారు. మిగిలినవారికి మనస్తత్వ పరీక్షలు, ఆరుబయట బృంద కార్యాలు, ముఖాముఖి, చివరి రోజున సమావేశం ఉంటాయి. ఒకే రకం కమిషన్‌కు మొదటిసారి హాజరయ్యేవారికి రైలు ఛార్జీలు తిరిగి ఇస్తారు.

మనస్తత్వ పరీక్షలలో ఒకటి తల్లిదండ్రులకు నేరుగా సంబంధించినది. తన గురించి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, స్నేహితులు ఏమనుకుంటారో, తానేమనుకుంటాడో విద్యార్థి కొద్ది నిమిషాలలో వ్రాయవలెను. "మా నాన్న నా గురించి ఏమనుకుంటారు" అన్న ప్రశ్నకు పదవ తరగతి నుండి హాస్టల్‌లో ఉన్న విద్యార్థి చాలాసార్లు ఖాళీగా చూస్తాడు. ఎందుకంటే ఇంటి నుండి వచ్చే ఫోనులో మార్కుల గురించే మాట్లాడుకుంటారు. శిక్షణ కేంద్రాలు అమ్మే సిద్ధమైన జవాబులు ఇక్కడ పనికిరావు. మరునాడు ముఖాముఖిలో అడిగే ప్రశ్నలతో అవి పొసగవు. ముఖాముఖికి ముందు నింపే పత్రంలో తల్లిదండ్రుల చదువు, వృత్తి, ఆదాయం కూడా అడుగుతారు. కౌలు రైతు అని, కూలి అని వ్రాయుటకు పిల్లలు సిగ్గుపడి "వ్యాపారం" అని వ్రాసిన సందర్భాలలో తరువాతి ప్రశ్నలకు తడబడతారు. పత్తి ధర ఎంత, ఎకరానికి పెట్టుబడి ఎంత, నాన్నకు ఈ సంవత్సరం ఏమి మిగిలినది అన్న ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పగలిగిన పిల్లవాడు ముఖాముఖిలో నిలబడతాడు. పొలం లెక్కలు ఇంట్లో పిల్లల ఎదుట మాట్లాడుకోవడం కూడా ఒక శిక్షణే.

ఎస్.ఎస్.బి.లో ఎక్కువమంది మొదటిసారి ఎంపిక కారు. రెండు మూడుసార్లు తిరిగివచ్చి తరువాత ఎంపికైనవారు నౌకాదళంలో ఎందరో ఉన్నారు. ఫలితం చివరి రోజునే చెబుతారు. కారణం చెప్పరు. రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి నరసరావుపేట స్టేషనులో దిగే ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లవానికి ఇంట్లో వినిపించే మొదటి మాట, తరువాతి ప్రయత్నం ఉంటుందా లేదా అన్నది చాలావరకు నిర్ణయిస్తుంది. "పక్కింటి వాడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది" అన్న వాక్యం ఇక్కడ ఎవరికీ ఉపయోగపడదు.

పత్రాలు, బాండు

ఎన్.డి.ఎ.కు ఎంపికైనవారి తల్లిదండ్రులు లేదా సంరక్షకులు రెండు ముఖ్యమైన పత్రాలపై సంతకం చేయాలి. చాలామంది వీటిని చదవకుండానే సంతకం చేస్తారు.

ఒకటి నష్టభయ ధ్రువపత్రం. శిక్షణలో గాయపడినా, శస్త్రచికిత్స వలన అంగవైకల్యం గాని మరణం గాని సంభవించినా ప్రభుత్వం నుండి నష్టపరిహారం కోరే హక్కు తమకు లేదని అంగీకరించుట దీని సారాంశం. ఆచరణలో, శిక్షణ కారణంగా వైకల్యం పొందినవారికి ప్రభుత్వం నెలవారీ కారుణ్య మొత్తం చెల్లిస్తున్నది. అయితే వారు కమిషన్ పొందలేదు కనుక మాజీ సైనికులుగా పరిగణింపబడరు, వైద్య సౌకర్యాలు కూడా అందేవి కావు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించినది. అదే నెలలో ప్రభుత్వం వీరికి మాజీ సైనికుల వైద్య పథకాన్ని వర్తింపజేసినది. ఒక్కగానొక్క బిడ్డను పంపే కుటుంబం ఈ సంగతి తెలిసి సంతకం పెట్టడానికీ, తెలియక పెట్టడానికీ తేడా ఉన్నది.

రెండవది బాండు. కాడెట్ తన అదుపులోని కారణాలతో శిక్షణ మధ్యలో వదిలివేసినా, కమిషన్ ఇచ్చినప్పుడు తిరస్కరించినా, అప్పటివరకు అతనిపై ప్రభుత్వం ఖర్చు చేసిన మొత్తం మేరకు తల్లిదండ్రులు, కాడెట్ ఉమ్మడిగా, విడివిడిగా బాధ్యులు. శిక్షణ కాలంలో వివాహం చేసుకున్నా తొలగించి ఖర్చు వసూలు చేస్తారు. అనారోగ్యం వలన పంపివేయబడినవారికి ఈ బాధ్యత ఉండదు. మొదటి నెలల్లో "ఇంటికి వచ్చేస్తాను" అని పిల్లలు ఫోనులో ఏడవడం సహజం. అప్పుడు "రా నాయనా, చూసుకుందాం" అనే ముందు ఈ బాండును ఒకసారి చదువుకొనుట అవసరం. అలాగని బాండు భయంతో నిజంగా కుంగిపోతున్న బిడ్డను అక్కడే ఉండమనుట కూడా తప్పే. అకాడమీలో ప్రతి కాడెట్‌కు బాధ్యుడైన డివిజనల్ అధికారి ఉంటాడు. తల్లిదండ్రులు మొదట అతనితో మాట్లాడవలెను.

మన ప్రాంతపు విద్యార్థులకు ఎదురయ్యే మరో చిక్కు పేర్లది. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. పదవ తరగతి పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరాలుగా, ఆధార్‌లో పూర్తిగా, ఇంటర్ పత్రంలో మరొక విధంగా ఉంటుంది. తల్లి పేరు పెళ్ళికి ముందున్న ఇంటిపేరుతో ఒకచోట, తరువాతిది మరొకచోట. పుట్టిన తేదీకి పదవ తరగతి ధ్రువపత్రమే ప్రమాణం. బడిలో చేర్చేటప్పుడు తేదీ ఇష్టం వచ్చినట్లు వేయించిన కుటుంబాలకు ఈ దశలో సవరించుట సాధ్యపడదు. పదవ తరగతి పరీక్ష రుసుము కట్టే సమయంలోనే వివరాలు సరిచూసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

ఖర్చులు

ఎన్.డి.ఎ.లో వసతి, భోజనం, పుస్తకాలు, యూనిఫారం, వైద్యం ప్రభుత్వ ఖర్చే. చేతిఖర్చు మాత్రం తల్లిదండ్రులు భరించాలి. ఇది సాధారణంగా నెలకు 3,000 రూపాయలకు మించదని యు.పి.ఎస్.సి. ప్రకటనలు చెబుతున్నాయి. అది కూడా భరించలేని తక్కువ ఆదాయ కుటుంబాలకు ఆర్థిక సహాయం కోరే వీలున్నది. అందుకు జిల్లా యంత్రాంగం ద్వారా దరఖాస్తు చేసుకొనవలెను. చేరేటప్పుడు చేతిఖర్చు, దుస్తుల నిమిత్తం కొంత మొత్తం ముందుగా జమచేయవలసి ఉంటుంది. మిరప అమ్ముడుపోయే నెలలకు ఈ తేదీ సరిపోదు కనుక ముందే కూడబెట్టుకొనుట మేలు.

ఇంటర్ తరువాత ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో నాలుగేళ్ళ చదువుకయ్యే ఖర్చుతో పోల్చితే ఇది స్వల్పం. అధికారిగా చేరిన నాడు ఏడవ వేతన సంఘం ప్రకారం మూలవేతనం 56,100 రూపాయలు, దానికి సైనిక సేవా వేతనం 15,500 రూపాయలు కలుస్తాయి. ఇతర భత్యాలు అదనం. ఈ అంకెలు తెలిసిన తరువాత కొన్ని కుటుంబాలు అతిగా ఉత్సాహపడతాయి. పిల్లవానికి ఇష్టం లేకుండా పంపితే ఎస్.ఎస్.బి.లోనే అది బయటపడుతుంది.

కుమార్తెల విషయం

నౌకాదళంలో మహిళా అధికారుల ప్రవేశం 1992లో కొన్ని శాఖలలో మొదలైనది. చాలాకాలం పట్టా తరువాత షార్టు సర్వీసు కమిషన్ ఒక్కటే వారికి మార్గం. 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఎన్.డి.ఎ. పరీక్షకు బాలికలు అర్హులైనారు. 2022 ఆగస్టులో చేరిన మొదటి జట్టులో 17 మంది 2025 మే 30న పట్టా పుచ్చుకొని బయటకు వచ్చారు.

తెలుగువారికి గర్వకారణమైన ఉదాహరణ ఐ.ఎన్.ఎస్.వి. తారిణి యాత్ర. ఆరుగురు మహిళా అధికారులు తెరచాప నావలో 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 254 రోజుల తరువాత 2018 మే 21న తిరిగివచ్చారు. వీరిలో లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి విశాఖపట్నానికి, లెఫ్టినెంట్ బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదుకు చెందినవారు. ప్రయాణించిన దూరం సుమారు 21,600 నాటికల్ మైళ్ళు.

పల్నాడు గ్రామాలలో ఇంటర్ పూర్తయిన అమ్మాయికి సంబంధాలు చూడడం ఇంకా పూర్తిగా పోలేదు. అవివాహితగా ఉండవలెనన్న నియమం, నాలుగేళ్ళ శిక్షణ కలిపి చూస్తే, ఈ దారిలో పంపుటకు ఒప్పుకొనుట అంటే పెళ్ళి ప్రస్తావనను కనీసం ఇరవై రెండేళ్ళ వరకు వాయిదా వేయుటకు ఒప్పుకొనుటే. బంధువుల ప్రశ్నలకు జవాబు చెప్పవలసినది అమ్మాయి కాదు, ఆమె తల్లిదండ్రులు.

దూరం నుండి

నాదెండ్ల నుండి ఎళిమలకు నేరుగా రైలు లేదు. గుంటూరు లేదా విజయవాడ నుండి చెన్నై మీదుగా వెళ్ళి కేరళలోని పయ్యనూరు స్టేషనులో దిగవలెను. అకాడమీ 2009 జనవరి 8న ప్రారంభించబడినది. కొండకూ సముద్రానికీ మధ్య విస్తరించిన ఆ ప్రాంగణాన్ని తల్లిదండ్రులు సాధారణంగా ఒకే ఒక్కసారి, శిక్షణ ముగింపు రోజున చూస్తారు. మధ్యలో కాడెట్లు టర్ము సెలవులకు ఇంటికి వస్తారు.

మొదటి టర్ములో ఫోను మాటలు అరుదుగా, పొడిపొడిగా ఉంటాయి. బరువు తగ్గుతారు, మాట తీరు మారుతుంది, తెల్లవారుజామున లేస్తారు. ఒక టర్ములో చదువులో గాని, శారీరక పరీక్షలలో గాని వెనుకబడిన కాడెట్‌ను తరువాతి జట్టుతో కలుపుతారు. దీనిని రెలిగేషన్ అంటారు. ఇది తొలగింపు కాదు. ఆరు నెలలు ఆలస్యం మాత్రమే. ఊళ్ళో "ఫెయిలయ్యాడట" అన్న మాట పుట్టే ముందే ఇంట్లోవారికి ఈ భేదం తెలిసి ఉండడం మంచిది.

ముగింపు కవాతు

ఎళిమలలో ముగింపు కవాతు ఏటా రెండుసార్లు, సాధారణంగా మే, నవంబరు నెలల చివర జరుగుతుంది. కవాతు చివర కాడెట్లు నెమ్మది అడుగులతో వేదికను దాటిపోయే ఘట్టాన్ని "అంతిమ్ పగ్" అంటారు. ఆ తరువాత తల్లిదండ్రులు మైదానంలోకి వచ్చి, తమ బిడ్డ భుజాలపై సబ్ లెఫ్టినెంట్ చిహ్నాలను స్వయంగా ఆవిష్కరిస్తారు. ఎవరి భుజంపై ఎవరు తొడగాలన్న దానికి నియమం లేదు. సాధారణంగా ఒక భుజం తల్లిది, ఒకటి తండ్రిది. తాతయ్యలు, అమ్మమ్మలు కూడా వస్తారు. ఈ కార్యక్రమానికి ఆహ్వానపత్రాలు అకాడమీ పంపుతుంది. తీసుకొని వెళ్ళదలచినవారి గుర్తింపు వివరాలు ముందుగానే పంపవలెను, రైలు టిక్కెట్లు రెండు నెలల ముందే చేయించుకొనవలెను.

కమిషన్ పొందిన యువ అధికారులు తదుపరి శిక్షణకై నౌకలకు, కొచ్చి కేంద్రంగా ఉన్న దక్షిణ నౌకాదళ పాఠశాలలకు వెళతారు. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం విశాఖపట్నంలో ఉన్నది కనుక, అక్కడ నియామకం దొరికితే ఇంటికి ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉంటారు. ఆదాయ పరిమితికి లోబడి అధికారిపై ఆధారపడిన తల్లిదండ్రులకు సైనిక ఆసుపత్రులలో ఉచిత వైద్యం లభిస్తుంది. ఇందుకు వారి పేర్లను ఆధారపడినవారిగా సర్వీసు పత్రాలలో నమోదు చేయించవలెను. అప్పుడు కూడా పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్ కార్డుతో సరిపోవలసి ఉంటుంది.